ఊరి పేరుతో ఒక వేదిక: టెడెక్స్ సభల గురించి

(గుంటూరులో డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను కింద ఉన్నవాళ్లకి? సరే, మొదలుపెడదాం.

మీ కాలేజీలో టెడెక్స్ సభ, అంటే అమెరికాలోని టెడ్ అనే సంస్థ పేరుతో ఊరివాళ్లే నడుపుకునే చిన్న ప్రసంగాల సభ, పెట్టాలనుకుంటున్నారు. అదెలా జరుగుతుందో చెప్పమని మీ విద్యార్థి బృందం నన్ను పిలిచింది. ముందే కొన్ని ప్రశ్నలు కూడా పంపారు. స్టేజీ మీద పరిచే ఆ ఎర్రటి గుండ్రని తివాచీ ఎక్కడ దొరుకుతుంది? పేరున్న సెలబ్రిటీని ఎలా రప్పించాలి? స్పాన్సర్లని ఎలా ఒప్పించాలి? అన్నీ అవసరమైన ప్రశ్నలే. తివాచీ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. డెకరేషన్ వాళ్లకి కొలత ఇస్తే కత్తిరించి ఇస్తారు, దానికి టెన్షన్ పడకండి. కానీ మీరు పంపిన వాటిలో ఒక ప్రశ్న కనిపించలేదు. ఆ వేదిక మీద ఎవరు మాట్లాడాలి? అది ఎవరు తేల్చాలి? తేల్చినవాళ్లు దేనికి జవాబుదారీ? ఇవాళ నేను ఎక్కువసేపు మాట్లాడబోయేది దీని గురించే.

ముందు ఈ కథ ఎక్కడ మొదలైందో చెప్పుకుందాం. 1984లో అమెరికాలో, కాలిఫోర్నియా తీరాన మాంటెరే అనే ఊళ్లో రిచర్డ్ సాల్ వుర్మన్, హ్యారీ మార్క్స్ కలిసి ఒక సదస్సు పెట్టారు. టెక్నాలజీ వాళ్లు, వినోద రంగం వాళ్లు, డిజైన్ వాళ్లు ఒకేచోట కూర్చుని ఒకరి మాట ఒకరు వినాలన్నది వాళ్ల ఆలోచన. ఆ మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే టెడ్. ఆ మొదటి సదస్సుకి నష్టం వచ్చింది. రెండోది పెట్టడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత ఏటా జరిగింది. 2001లో అది క్రిస్ ఆండర్సన్ స్థాపించిన లాభాపేక్ష లేని ఫౌండేషన్ చేతికి వచ్చింది. టికెట్ వేల డాలర్లు. అందరూ వెళ్లగలిగే చోటు కాదు. 2006 జూన్‌లో ఆరు ప్రసంగాల వీడియోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. అక్కడ మారింది పరిస్థితి. ఆ గదిలోకి ఎప్పటికీ అడుగుపెట్టలేని జనం ఆ ప్రసంగాలు విన్నారు. విన్నవాళ్లు ఊరుకుంటారా? మా ఊళ్లోనూ ఇలాంటి సభ పెట్టుకుంటాం అన్నారు.

2009లో టెడ్ దానికి ఒప్పుకుంది. పేరు వాడుకోండి, కొన్ని నియమాలు పాటించండి, సభ మీదే, నడిపేదీ మీరే అంది. స్వతంత్రంగా ఏర్పాటు చేసుకున్న సభ అని తెలియడానికే పేరు చివర ఆ ఎక్స్. మొట్టమొదటిది 2009 మార్చి 23న లాస్ ఏంజెలెస్‌లో, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జరిగింది. చూడండి, మొదటిది జరిగింది ఒక యూనివర్సిటీలోనే. అదే ఏడాది కెన్యా రాజధాని నైరోబీలో, కిబెరాలో కూడా జరిగింది. కిబెరా అంటే ఏమిటో తెలుసా? ఆఫ్రికాలోని అతి పెద్ద మురికివాడల్లో ఒకటి. రేకుల ఇళ్లు, ఇరుకు సందులు. నాకు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పడం ఇష్టం. ఒకే ఏడాది, ఒకే నియమాలు. ఒకటి బాగా డబ్బున్న విశ్వవిద్యాలయంలో, ఇంకొకటి కిబెరాలో. ఏర్పాట్లకి స్తోమత లేని చోట్ల కోసం ప్రొజెక్టరు, సౌండ్ సిస్టమ్ లాంటివన్నీ ఒక పెట్టెలో సర్ది పంపే పద్ధతి కూడా తర్వాత వచ్చింది.

ఇప్పుడు ప్రపంచమంతటా ఏటా 3,000 పైగా టెడెక్స్ సభలు జరుగుతున్నాయి. 130కి పైగా దేశాల్లో జరిగాయి. 2009 నవంబరులో మైసూరులో టెడ్ ఇండియా జరిగింది కదా, అది ఈ కోవలోకి రాదు. అది టెడ్ సంస్థే స్వయంగా నడిపిన సదస్సు. మన హైదరాబాద్ ప్రజ్వల సంస్థ సునీతా కృష్ణన్ గారు మాట్లాడింది అక్కడే. ఆ ప్రసంగం మీలో ఎంతమంది చూశారు? చూడనివాళ్లు ఇవాళ ఇంటికెళ్లి చూడండి. మనసు చిక్కబట్టుకుని చూడండి. ఆడపిల్లల్ని అమ్మేసే వ్యాపారం గురించి ఆవిడ ఎక్కడా మెత్తబరచకుండా చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. ఆ పిల్లల్ని మనుషులుగా చూడమని, పనిలో పెట్టుకోమని ఎదురుగా కూర్చున్నవాళ్లని సూటిగా అడిగారు. వేదిక అంటే దేనికో నాకు అది చూశాక తెలిసింది.

ఇలాంటి సభలు టెడ్ ఒక్కటే నడుపుతోందనుకోకండి. టోక్యోలో 2003లో పెచకుచ అని ఒక పద్ధతి పుట్టింది. 20 స్లైడ్లు, ఒక్కొక్కటి 20 సెకన్లు, అంతే, మనిషి దిగిపోవాలి. అదీ ఎన్నో నగరాలకి పాకింది. ఇంకా వెనక్కి వెళ్తే మన దగ్గరే ఉంది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా ఉన్న గ్రంథాలయాల ప్రతినిధుల్ని పిలిచి మహాసభ పెట్టారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఎవరి ఊరి గ్రంథాలయం వాళ్లది, ఎవరి చందాలు వాళ్లవి, ఆశయం మాత్రం అందరిదీ. ఆ సభ జరిగిన చోటు ఇక్కడికి ఎంత దూరం? బస్సెక్కితే గంట. ఊరివాళ్లే పూనుకుని సభ పెట్టుకోవడం మనకేం కొత్త కాదు.

ఏమి ఇస్తారు, ఏమి ఇవ్వరు

సరే, లైసెన్సు గురించి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. లైసెన్సుకి డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా మధ్యలో దూరి ఇప్పిస్తామని డబ్బు అడిగితే నమ్మకండి. యూనివర్సిటీ పేరుతో పెట్టే సభకి ఆ విద్యాసంస్థలో చదివేవాళ్లో, పనిచేసేవాళ్లో నిర్వాహకులుగా ఉండాలి. లైసెన్సు ఒక్క సభకే. మళ్లీ పెట్టాలంటే మళ్లీ అడగాలి. పేరు మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవడానికి లేదు, ఊరి పేరో, పేట పేరో, వీధి పేరో, విద్యాసంస్థ పేరో ఉండాలి. నిర్వాహకుల్లో ప్రధాన వ్యక్తి టెడ్ సొంత సదస్సుకి వెళ్లి ఉండకపోతే ప్రేక్షకులు 100 మందికి మించకూడదు.

మరి వాళ్లు ఏమిస్తారు? పేరు ఇస్తారు. నియమాలు ఇస్తారు. వీడియోలు పెట్టుకోవడానికి యూట్యూబ్ ఛానల్ ఇస్తారు. హాలు ఇవ్వరు. డబ్బు ఇవ్వరు. వక్తల్ని ఇవ్వరు. ఇక్కడ ఆగండి. వక్తల్ని ఇవ్వరు! మొత్తం బరువు ఈ ఒక్క మాటలో ఉంది.

నియమాల్లో నన్ను బాగా ఆకట్టుకున్నవి కొన్ని చెబుతాను. వక్తకి పారితోషికం ఇవ్వకూడదు. ప్రయాణం, బస ఖర్చు పెట్టుకోవచ్చు. వక్త దగ్గర డబ్బు తీసుకోనూ కూడదు. స్పాన్సరు లోగో స్టేజీ మీద కనపడకూడదు. స్పాన్సరు స్టేజీ ఎక్కి రెండు ముక్కలు మాట్లాడతానంటే కుదరదు. ఎవరు మాట్లాడాలో స్పాన్సరు చెప్పకూడదు. వేదిక మీద వస్తువులు అమ్మకూడదు, ఓట్లు అడగకూడదు, మతప్రచారం చేయకూడదు. దాన్ని చందాల వసూలుకి వాడకూడదు. ఏ ప్రసంగమూ 18 నిమిషాలు దాటకూడదు.

ఇప్పుడు మన సభలు ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. నేను వాటిని తక్కువ చేసి మాట్లాడటం లేదు, నేనూ ఆ సభల్లోనే పెరిగాను. వేదిక మీద పదిహేను కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన. ప్రార్థనా గీతం. అధ్యక్షుడి తొలి పలుకు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి. ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, ఫొటో. ఈలోగా అసలు మాట్లాడటానికి వచ్చిన మనిషి, ముప్పై ఏళ్లు ఒక పని మీద కూర్చున్న మనిషి, చివర్లో మైకు ముందుకు వస్తాడు. 'సమయాభావం వల్ల క్లుప్తంగా ముగించాలి' అని పక్కనుంచి చీటీ అందుతుంది. మీరు చూడలేదా? నేను చాలాసార్లు చూశాను. చూసినప్పుడల్లా బాధ కలిగింది. విషయం తెలిసిన మనిషికి ఐదు నిమిషాలు, హోదా ఉన్న మనిషికి ముప్పావుగంట.

టెడెక్స్ నియమాలు ఆ వరస తిరగేస్తాయి. వేదిక మీద ఒకే మనిషి ఉంటారు. మాట్లాడేవాళ్లు. మిగతా అందరూ, కలెక్టరు గారైనా, కరెస్పాండెంటు గారైనా, కింద కూర్చుని వింటారు. ఇది మీకు ఎంత ఉపకారమో ఆలోచించారా? రేపు ఒక స్పాన్సరు వచ్చి మా అబ్బాయికి పది నిమిషాలు ఇవ్వండి అన్నాడనుకోండి. మీరు ఇరవై ఏళ్ల పిల్లలు, ఆయన లక్ష రూపాయలు ఇస్తానంటున్నాడు. మీ అంతట మీరు కాదనగలరా? కష్టం. ఇప్పుడు అనొచ్చు. 'సార్, నియమం ఒప్పుకోదు, లైసెన్సు పోతుంది' అనొచ్చు. బయట ఎవరో రాసిన నియమం మీకు ఊళ్లో వెన్నుదన్నుగా నిలబడుతుంది. స్వతంత్రం అన్నది ఇక్కడ నిజమైంది అని నాకనిపిస్తుంది. టెడ్ నుంచి స్వతంత్రం ఒకటే కాదు, ఊళ్లో ఒత్తిళ్ల నుంచి కూడా.

18 నిమిషాల గురించి ఒక మాట. చాలామంది ఇది యువతకి ఓపిక లేక పెట్టిన గడువు అనుకుంటారు. కాదు. గంట ఇస్తే మనకు తెలిసినదంతా చెబుతాం. విస్తరిలో అన్ని వంటకాలూ ఒకేసారి కుమ్మరించినట్టు ఉంటుంది, దేని రుచీ తెలియదు. 18 నిమిషాలంటే నీకు తెలిసిన వాటిలో నువ్వు వదిలిపెట్టలేనిది ఏది అని నిన్ను నువ్వు అడగాలి. ఆ అడగటంలోనే సగం ప్రసంగం తయారవుతుంది.

ఎవరిని పిలిచారు?

ఇప్పుడు అసలు విషయం. వక్తల ఎంపిక. కొన్ని నిజంగా జరిగినవి చెబుతాను.

లండన్‌లో యూస్టన్ అనే పేట ఉంది. పెద్ద రైల్వే స్టేషను. ఆ పేరుతో అక్కడి ఆఫ్రికా మూలాలున్నవాళ్లు టెడెక్స్ నడిపేవారు. ఉండేది లండన్‌లో, మాట్లాడుకునేది ఆఫ్రికా గురించి. 2012 డిసెంబరులో నైజీరియా రచయిత్రి చిమమాండ ఎన్గోజి అడిచీని పిలిచారు. నిర్వాహకుల్లో ఆమె సొంత మనుషులున్నారు, కాదనలేకపోయింది. ఆడామగా సమానత్వం గురించి మాట్లాడింది. ఆఫ్రికన్ శ్రోతలకు ఇది ఇష్టమైన అంశం కాకపోవచ్చని తెలిసే మాట్లాడింది. తర్వాత అది చిన్న పుస్తకంగా వచ్చింది. 2015లో స్వీడన్‌లో 16 ఏళ్ల విద్యార్థులందరికీ దాన్ని పంచిపెట్టారు. తన వాళ్లతో, తన వాళ్ల గురించి, నొప్పి కలిగినా సరే నిజం మాట్లాడుదామని వచ్చిన మనిషి మాట ఎంత దూరం వెళ్లిందో చూడండి. మనవాళ్లూ అమెరికాలో తానా సభలు, ఆటా సభలు పెద్ద ఎత్తున జరుపుకుంటున్నారు. అక్కడా ఒక పూట ఇలా కేటాయిస్తే ఎంత బావుంటుందని నేను ఆశపడుతుంటాను. సన్మానం లేకుండా, మన ఇళ్ల గురించి మనం నిక్కచ్చిగా మాట్లాడుకునే పూట.

ఇంకొకటి. 2011 ఏప్రిల్లో పాలస్తీనా వాళ్లు రమల్లా పేరుతో టెడెక్స్ పెట్టారు. సభ జరిగింది బెత్లెహెంలో. అందరూ ఒకచోటికి రాగల పరిస్థితి లేదు. చెక్‌పోస్టులు, సరిహద్దులు, అనుమతులు. అందుకని అమ్మాన్‌లో, బీరూట్‌లో కూడా అదే రోజు హాళ్లు పెట్టి మూడింటినీ వీడియోతో కలిపారు. మనం హాలు దొరకలేదని, ఏసీ పనిచేయలేదని సభ వాయిదా వేస్తాం. వాళ్లు మూడు దేశాల్లో ఉన్న తమ మనుషుల్ని ఒక సభగా కూర్చోబెట్టారు.

2018 నవంబరులో స్టాక్‌హోమ్ నిర్వాహకులు ఒక 15 ఏళ్ల అమ్మాయిని పిలిచారు. అంతకు మూడు నెలల ముందే ఆ పిల్ల బడి మానేసి పార్లమెంటు ముందు అట్ట పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. గ్రేటా థన్‌బర్గ్. ఇప్పుడు అందరికీ తెలుసు. ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో ఆమె మాట్లాడింది డిసెంబరులో, అంటే ఇది అయ్యాకే. ఆ నవంబరులో ఆమెను పిలవాలని తేల్చుకున్నవాళ్లు ఎవరు? ఆ ఊరివాళ్లే. తమ వీధిలో ఏం జరుగుతోందో కళ్లు తెరిచి చూసేవాళ్లు.

హ్యూస్టన్‌లో 2010లో మాట్లాడిన బ్రెనే బ్రౌన్ ఆ ఊరి యూనివర్సిటీలోనే సోషల్ వర్క్ పరిశోధకురాలు. సిగ్గు గురించీ, మనసు విప్పి మాట్లాడే ధైర్యం గురించీ ఏళ్ల తరబడి మనుషుల్ని కలిసి, వాళ్లు చెప్పింది విని రాసుకున్న మనిషి. హ్యూస్టన్ నిర్వాహకులకి వక్తని వెతుక్కుంటూ ఎక్కడికో పోవాల్సిన పని రాలేదు. ఇలాంటివి కొన్నిటిని టెడ్ తన సొంత సైట్లోకి ఎంచుకుంది. అక్కడి నుంచి కోట్లమంది చూశారు.

మరి రెండో వైపు? అది చెప్పకపోతే నేను మీకు సగమే చెప్పినట్టు.

2010లో అమెరికాలో షార్లెట్ అనే నగరంలో జరిగిన సభలో ఒకాయన తొమ్మిది అంకెల చుట్టూ అల్లిన ఏదో గణితం గురించి మాట్లాడాడు. దాంతో అంతులేని శక్తి వస్తుందన్నాడు. జబ్బులు పోతాయన్నాడు. గణితం తెలిసినవాళ్లు ఆ వీడియో చూసి నిర్ఘాంతపోయారు. 2012 డిసెంబరులో స్పెయిన్‌లోని వలెన్సియాలో జరిగిన సభలో స్ఫటికాలతో వైద్యం లాంటివి వేదికెక్కాయి. జనం గట్టిగా నిలదీశారు. అదే నెలలో టెడ్ ప్రపంచంలోని టెడెక్స్ నిర్వాహకులందరికీ ఒక ఉత్తరం రాసింది. దాని సారాంశం ఇది. సైన్సు పేరుతో వచ్చేవాళ్లని పరీక్షించే బాధ్యత మీది. ఆయన చెప్పేది ఆ రంగంలోని ఇతర శాస్త్రవేత్తలు ఒప్పుకుంటున్నారా? పేరున్న పరిశోధన పత్రికల్లో వచ్చిందా? ఆయన ఏదైనా అమ్ముతున్నాడా? వైద్యం, ఉచిత శక్తి, క్వాంటం పేరు చెప్పి చైతన్యం గురించి మాట్లాడటం, ఇలాంటివి వస్తే మరింత జాగ్రత్త పడండి.

ఆ మరుసటి ఏడాది, 2013 జనవరిలో లండన్ వైట్‌చాపెల్ సభలో ఇద్దరు వివాదాస్పద రచయితలు మాట్లాడారు. ఒకరు సైన్సు మూల నమ్మకాలనే ప్రశ్నించే రూపర్ట్ షెల్డ్రేక్, ఇంకొకరు ప్రాచీన నాగరికతల గురించి రాసే గ్రేయమ్ హ్యాంకాక్. ఆ రెండు వీడియోల మీద శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. టెడ్ వాటిని యూట్యూబ్ ఛానల్లోంచి తీసి, చర్చకి వీలుగా తన బ్లాగులో వేరే పెట్టింది. దానిమీద ఇంకో గొడవ. వాక్ స్వాతంత్ర్యాన్ని తొక్కేస్తున్నారని ఎంతోమంది టెడ్‌ని తిట్టారు. అదే ఏడాది వెస్ట్ హాలీవుడ్ సభకి, తేదీ దగ్గర పడ్డాక, లైసెన్సు రద్దు చేశారు. నిర్వాహకులు టెడ్ పేరు లేకుండానే సభ జరుపుకున్నారు.

ఎవరిది తప్పు అంటారా? నా అభిప్రాయం నేను దాచను. ఎవరికైనా మాట్లాడే హక్కు ఉంది. కానీ ప్రతి వేదికా ప్రతి మాటకీ చోటివ్వాలని లేదు. నేను బాధపడేది మాత్రం వేరే దానికి. వీడియో బయటికి వచ్చాక తీసేయడం, సభకి కొద్ది రోజుల ముందు లైసెన్సు లాగేయడం, ఇవి రెండూ ఆలస్యంగా జరిగిన పనులు. ఆరు నెలల ముందు, నలుగురు వలంటీర్లు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని ఆ పేరు మీద టిక్కు పెట్టినప్పుడు జరగాల్సిన పని అది. ఈ గొడవల్లో ఓడిపోయింది ఎవరు? నమ్మకంతో టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషి. క్యాన్సరుకి మందు మానేసి స్ఫటికం పెట్టుకుందామా అని ఆలోచించిన మనిషి. ఆ ఎర్ర తివాచీ మీద నిలబడిన ప్రతివాళ్లనీ జనం నమ్ముతారు. పేరు టెడ్‌ది, నిజమే. కానీ ఆ మనిషిని అక్కడ నిలబెట్టింది మీరు.

మన దగ్గర ఈ ప్రమాదం తక్కువనుకోకండి. షుగర్‌కి శాశ్వత పరిష్కారం అనేవాళ్లు, ఫలానా కషాయంతో అన్నీ పోతాయనేవాళ్లు, ఏడు రోజుల్లో మీ మెదడు శక్తి పదింతలు అనేవాళ్లు ముందుగా దరఖాస్తు పెడతారు. చక్కగా మాట్లాడతారు కూడా. ఇంకో రకం కూడా తయారయ్యింది. 'మీకు టెడెక్స్ స్టేజీ ఇప్పిస్తాం' అని డబ్బు తీసుకునే కోచ్‌లు. వాళ్లు మీకు ఫోన్లు చేస్తారు, మా దగ్గర మంచి స్పీకర్లున్నారని. మర్యాదగా ఫోను పెట్టేయండి.

మరి ఎలా పరీక్షించాలి? మీ కాలేజీలో ఫిజిక్సు మాస్టారున్నారు, బోటనీ మేడమ్ ఉన్నారు, స్టాటిస్టిక్స్ వాళ్లున్నారు. వాళ్లని ఎంపిక కమిటీలో కూర్చోబెట్టండి. డాక్టరు ఒకరిని అడగండి. 'ఈ మాటకి ఆధారం ఏమిటి సార్' అని వక్తని అడిగే ధైర్యం మీ కమిటీలో కనీసం ఒకరికి ఉండాలి. ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకునే వక్తని వదిలేయండి. నిజంగా తెలిసినవాళ్లు ఆ ప్రశ్నకి సంతోషిస్తారు.

నేను వక్తల ఎంపికలో, తయారీలో సాయం చేసిన ఒక సభ గురించి చెబుతాను. రాయలసీమలో భూగర్భజలాల పని చేసి రిటైరైన ఒక పెద్దాయన. పీజోమీటరు బావులంటే తెలుసా? నీళ్లు తోడుకోవడానికి కాదు, నీటి మట్టం ఎంత లోతులో ఉందో కొలవడానికి వేసే బోర్లు. ఏళ్ల తరబడి ఆయన పని అదే. ఆయన పేరు ఎవరో రైతు చెబితే మా దాకా వచ్చింది. మొదటి రిహార్సల్‌కి స్లైడ్ల కట్ట పట్టుకొచ్చారు. గ్రాఫులే గ్రాఫులు. అదీ ఇంగ్లీషులో. టెడెక్స్ అంటే ఇంగ్లీషులోనే మాట్లాడాలని ఎవరో చెప్పారట. మాట మాటకీ ఆగిపోతున్నారు. కాసేపయ్యాక మా బృందంలో ఒకమ్మాయి అడిగింది. 'బాబాయ్ గారూ, ఐదు వందల అడుగుల్లో పడని నీళ్లు వెయ్యి అడుగుల్లో పడతాయా?' అంతే, ఆయన స్లైడ్లు పక్కన పెట్టి తెలుగులో మొదలుపెట్టారు. అమ్మా, మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు దాచుకునేది ఆ రాతిలో పైన మెత్తబడిన పొరలోనూ, పగుళ్లలోనూ. లోతుకి వెళ్లేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. లోతు పెంచితే నీళ్లు పెరుగుతాయని గ్యారంటీ లేదు. రైతు అప్పు చేసి ఇంకో బోరు, ఇంకో బోరు వేస్తూ పోతున్నాడు, ఆ రాతిలో లేని దానికోసం. ఇలా చెప్పుకుంటూ పోయారు. గదిలో ఎవరూ ఫోను చూడలేదు.

అదే ఆయన ప్రసంగం అయింది. మిగతాదంతా తీసేశాం. తీసేయడానికి ఆయనకి కష్టం కలిగింది, ఒక్కో గ్రాఫు వెనకా ఆయన జీవితం ఉంది. మేం తొందరపెట్టలేదు. మళ్లీ మళ్లీ కూర్చున్నాం. ఇది మీకు ముందే చెబుతున్నాను, సభ రోజు చిన్న పని. రిహార్సల్స్ పెద్ద పని. వక్త ఇంటికి వెళ్లాలి, వినాలి, ఏది ఉంచాలో ఆయనతోనే తేల్చుకోవాలి. సెలబ్రిటీలతో ఇది కుదరదు. వాళ్లకి టైము ఉండదు. పొద్దున ఫ్లైటు దిగి, ఎక్కడో చెప్పిందే ఇక్కడా చెప్పి, సాయంత్రం ఫ్లైటు ఎక్కుతారు. మీ రెండో ప్రశ్నకి ఇదే నా జవాబు. సెలబ్రిటీ వస్తే రానివ్వండి, కానీ మీ సభని ఆ పేరు మీద కట్టకండి.

భాష సంగతి వచ్చింది కాబట్టి స్పష్టంగా చెబుతాను. ఇంగ్లీషులోనే జరగాలన్న నియమం లేదు. బ్యూనస్ ఐరెస్‌లో స్పానిష్‌లో జరుగుతుంది. వేలమంది వస్తారు. బ్రెజిల్లో పోర్చుగీసులో, అరబ్ దేశాల్లో అరబిక్‌లో. మనకే ఎందుకో ఆ తివాచీ చూడగానే ఇంగ్లీషు గుర్తొస్తుంది. మన ఊళ్లో మిర్చి యార్డులో హమాలీగా పనిచేసే మనిషి ఆ ఘాటులో తన ఊపిరితిత్తులు ఏమవుతున్నాయో చెబితే వినాలని నాకుంది. ఇంగ్లీషు పెడితే ఆయన రాడు. వస్తే నమస్కారం చెప్పి ఆగిపోతాడు. తెలుగులో చెప్పనివ్వండి. బయటివాళ్లకి అర్థం కావాలంటే సబ్‌టైటిల్స్ పెట్టండి. టెడ్ 2009 నుంచే వలంటీర్లతో అనువాదాల ప్రాజెక్టు నడుపుతోంది, తెలుగు కూడా అందులో ఉంది. లైసెన్సు వచ్చేదాకా ఆగక్కర్లేదు, మీలో ఆసక్తి ఉన్నవాళ్లు ఇవాళ్టి నుంచే ఆ పని నేర్చుకోవచ్చు. ఒక మంచి ప్రసంగాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు అది ఎలా కట్టారో వాక్యం వాక్యం తెలుస్తుంది. వక్తలకి సాయం చేయడానికి అంతకన్నా మంచి శిక్షణ నాకు తెలియదు.

స్పాన్సర్ల గురించి త్వరగా చెప్పేస్తాను. డబ్బు కంటే వస్తువులూ సేవలూ అడగండి. భోజనం ఒకరు, ప్రింటింగ్ ఒకరు, కెమెరాలు ఒకరు. ధ్వని విషయంలో మాత్రం పొదుపు చేయకండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే ఎవరూ చూడరు. స్టేజీ మీద లోగో ఉండదని మొదటి మీటింగులోనే చెప్పేయండి, ఆఖరి రోజు గొడవ ఉండదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ఆ, చెప్పమ్మా.

ప్రిన్సిపాల్ గారు మంత్రి గారిని పిలిచి ప్రారంభోత్సవం చేయిద్దామంటున్నారు, ఏం చేయాలి అంటున్నారు ఈ అమ్మాయి. సారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఆయన ముందే చెబుతాను. సార్, మంత్రి గారిని తప్పకుండా పిలవండి. ప్రేక్షకుడిగా పిలవండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి. గౌరవం చేయాలనుకుంటే దానికి కాలేజీ వార్షికోత్సవం ఉంది. ఈ ఒక్క రోజు వేదిక వక్తలకి వదిలేద్దాం. ఒప్పుకుంటారు కదూ? థాంక్యూ సార్.

ఇంకో ప్రశ్న. మా కాలేజీలోనే రెండు వేలమంది ఉన్నారు, 100 మందితో ఏం జరుగుతుంది అంటున్నారు ఆ బాబు. మంచి ప్రశ్న. 100 మంది అంటే వక్త ప్రతి మొహం చూడగలిగే గది. మొదటిసారి మాట్లాడేవాళ్లకి అది ఎంత ధైర్యమో మీకు రిహార్సల్స్‌లో తెలుస్తుంది. మిగతావాళ్లకి వీడియో ఉంటుంది. కానీ ఆ 100 సీట్లూ కాలేజీవాళ్లతోనే నింపకండి. సగం బయటికి ఇవ్వండి. ఆర్టీసీ డిపో వాళ్లకి, జనరల్ ఆసుపత్రి నర్సులకి, పక్క ఊళ్ల హైస్కూలు టీచర్లకి, రైతులకి. వాళ్లలోంచే వచ్చే ఏడాది మీ వక్తలు దొరుకుతారు. టికెట్ పెట్టినా వాళ్లకి ఉచితంగా ఇవ్వండి, ముందే వెళ్లి చేతికి ఇచ్చి రండి, మధ్యాహ్నం భోజనం ఉంటుందని కూడా చెప్పండి. ఆదివారం పెడితే టీచర్లు వస్తారు. నర్సులకి డ్యూటీ షిఫ్టులుంటాయి, వాళ్లని మాత్రం ముందుగా అడిగి తేదీ ఖాయం చేసుకోండి.